డ్రాఫ్ట్ కుర్రాళ్లా, కొనుక్కున్న స్టార్లా: టెక్సాస్ రేంజర్స్ చూపించిన లెక్క

ఫ్రిస్కోలో వేసవి సాయంత్రం రైడర్స్ ఫీల్డ్‌కి వెళ్తే తెలుగు వినపడకుండా ఉండదు. పిల్లలు అవుట్‌ఫీల్డ్ దగ్గరున్న లేజీ రివర్‌లో తేలుతూ ఉంటారు, పెద్దవాళ్లు నీడ పడే వరస చూసుకుని కూర్చుంటారు. ఇక్కడ ఆడే రఫ్‌రైడర్స్, ఆర్లింగ్టన్‌లోని టెక్సాస్ రేంజర్స్‌కి డబుల్-ఏ స్థాయి జట్టు, అంటే మేజర్ లీగ్‌కి రెండు మెట్లు కింద. ఈ ఏడాది మన కళ్లముందు ఆడిన కుర్రాడు రెండేళ్లకి టీవీలో కనిపించవచ్చు, అసలెప్పటికీ కనిపించకపోనూ వచ్చు.

క్రికెట్ చూస్తూ పెరిగి, ఇక్కడికొచ్చాక బేస్‌బాల్ అలవాటు చేసుకున్న వాళ్లందరికీ ఏదో ఒక చలికాలం ఒకటే అనుమానం వస్తుంది. ఇంతమంది కుర్రాళ్లని డ్రాఫ్ట్‌లో తెచ్చి పెంచుకుంటున్న జట్టు, బయటి ఆటగాడొకడికి 32.5 కోట్ల డాలర్లు ఎందుకిస్తోంది? జట్టు ఓడిపోతుంటే ప్రశ్న తిరగబడుతుంది. డబ్బుండి కూడా ఈ పిల్లలు ఎదిగేదాకా ఎందుకు కూర్చోవాలి?

2019 నుంచి 2025 దాకా రేంజర్స్ రెండు దారుల్లోనూ గట్టిగా నడిచింది కాబట్టి ఈ పోలికకి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డ్రాఫ్ట్‌లో తీసుకున్న హిట్టర్లు (బ్యాట్ పట్టేవాళ్లు) మేజర్ లీగ్ గడప దాకా వచ్చాక స్టార్ హిట్టర్లని కొనాలి. పిచర్ని, అంటే బంతి వేసేవాణ్ణి, కొంటే తక్కువ ఏళ్లకి కొనాలి. పిచర్ని డ్రాఫ్ట్‌లో తీసుకుంటే నాలుగేళ్లు అతని పేరు ఎత్తకుండా ఉండగలగాలి.

రెండు దారుల్లో డబ్బు ఎలా నడుస్తుంది

డ్రాఫ్ట్ అంటే ఐపీఎల్ వేలం లాంటిది అనుకుంటే పొరపాటు. ఇక్కడ పాట ఉండదు. జూలైలో జరిగే డ్రాఫ్ట్‌లో 20 రౌండ్లుంటాయి, 2019 దాకా 40 ఉండేవి. వంతు వచ్చిన జట్టు ఒక పేరు చెబుతుంది, ఆ కుర్రాడితో ఆ జట్టు తప్ప ఇంకెవరూ బేరం చేయడానికి వీల్లేదు. బాగా ఓడిన జట్లకి వంతు ముందు వస్తుంది. కావాలని ఓడకుండా ఉండటానికి 2023 డ్రాఫ్ట్ నుంచి మొదటి ఆరు స్థానాలకి లాటరీ పెట్టారు. తొలి పది రౌండ్లలో ప్రతి స్థానానికీ లీగ్ ఒక ధర కడుతుంది, దాన్ని స్లాట్ అంటారు. జట్టుకున్న స్లాట్లన్నీ కలిపితే వచ్చేదే ఆ ఏడాది బోనస్ డబ్బు. ఒక కుర్రాడి దగ్గర మిగిల్చి ఇంకొకడికి ఎక్కువ ఇవ్వచ్చు. మొత్తం మీద 5 శాతం దాటితే మాత్రం వచ్చే ఏడాది మొదటి రౌండ్ పిక్ పోతుంది. డాలస్‌లో కౌబాయ్స్, మావెరిక్స్ ఆటలు చూసేవాళ్లకి ఒక మాట: ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్‌లో లాగా బేస్‌బాల్‌లో మామూలు డ్రాఫ్ట్ పిక్‌లని ఇంకో జట్టుకి ట్రేడ్ చేయడం కుదరదు. ఉన్న పిక్ వాడుకోవాల్సిందే.

అలా వచ్చిన కుర్రాడు మైనర్ లీగుల్లో ఎన్నేళ్లుంటాడో ఎవరూ చెప్పలేరు. మేజర్ లీగ్‌కి వచ్చాక మాత్రం ఆరేళ్ల సర్వీసు నిండేదాకా జట్టు చేతిలోనే ఉంటాడు. అందులో మొదటి మూడేళ్లు దాదాపు కనీస జీతమే, 2024లో అది 7.4 లక్షల డాలర్లు. తర్వాత మూడేళ్లు ఆర్బిట్రేషన్, అంటే ఆటని బట్టి ఏటా జీతం తేలుస్తారు. ఆరేళ్లు దాటాకే ఫ్రీ ఏజెంట్.

ఆ ఫ్రీ ఏజెంట్లని వరల్డ్ సిరీస్ అయిపోయాక చలికాలంలో కొనుక్కోవడం రెండో దారి. ఇక్కడ ఎంపిక ఆటగాడిది. అతను ఏం ఆడగలడో ఆరేడేళ్లుగా అందరూ చూసే ఉన్నారు కాబట్టి అనుమానం తక్కువ, ధర ఎక్కువ. ఇక్కడ మనవాళ్లు మర్చిపోయే విషయం ఒకటుంది. 2023 డిసెంబరు వేలంలో సన్‌రైజర్స్ హైదరాబాద్ ప్యాట్ కమిన్స్‌ని 20.5 కోట్ల రూపాయలకి తీసుకుంది. అతను నచ్చకపోతే తర్వాతి సీజన్‌కి వదిలేసే వీలుంది. బేస్‌బాల్ కాంట్రాక్టులో అది లేదు. ఆటగాడికి దెబ్బ తగిలినా, ఫామ్ పోయినా, జట్టులోంచి తీసేసినా రాసిచ్చిన డబ్బు చివరి డాలర్ దాకా ఇవ్వాలి. పదేళ్ల కాంట్రాక్టు అంటే నిజంగా పదేళ్లు.

ఒక దారిలో ఖర్చు పెడితే రెండో దారిలో తగ్గుతుంది

చాలామంది ఈ రెండూ వేర్వేరు ఖాతాలు అనుకుంటారు. కావు. దీన్ని కాస్త నిదానంగా చెప్పుకోవాలి.

ఆటగాడు ఫ్రీ ఏజెంట్ అయ్యే ముందు పాత జట్టు అతనికి ఒక ఏడాదికి క్వాలిఫయింగ్ ఆఫర్ ఇవ్వచ్చు. 2021లో దాని విలువ 1.84 కోట్ల డాలర్లు. అతను వద్దని బయటికెళ్తే, అతన్ని కొన్న జట్టు కనీసం ఒక డ్రాఫ్ట్ పిక్ వదులుకోవాలి. 2021లో 162 మ్యాచ్‌ల్లో 102 ఓడిన రేంజర్స్, ఆ ఏడాది డిసెంబరు 2న లీగ్ లాకౌట్ (యజమానులు పెట్టిన సమ్మె లాంటి ఆపుదల) మొదలయ్యే లోపు హడావుడిగా ముగ్గుర్ని తెచ్చుకుంది. షార్ట్‌స్టాప్ కోరీ సీగర్ పదేళ్లకి 32.5 కోట్లు, సెకండ్ బేస్ మార్కస్ సీమియన్ ఏడేళ్లకి 17.5 కోట్లు, పిచర్ జాన్ గ్రే నాలుగేళ్లకి 5.6 కోట్లు. ముగ్గురికీ కలిపి 55.6 కోట్ల డాలర్లు. సీగర్, సీమియన్ ఇద్దరూ క్వాలిఫయింగ్ ఆఫర్ వద్దన్నవాళ్లే. అందుకే 2022 డ్రాఫ్ట్‌లో రేంజర్స్‌కి రెండో రౌండ్ పిక్ పోయింది, మూడోదీ పోయింది. గ్రేకి కొలరాడో రాకీస్ ఆ ఆఫర్ ఇవ్వలేదు కాబట్టి అతని వల్ల పిక్ పోలేదు. ఇలాంటి ఆటగాడు దొరికితే, ఇద్దరూ సమానంగా ఉన్నప్పుడు, నేను ఎప్పుడూ అతని వైపే మొగ్గుతాను.

ఇక 2022 జూలై. మూడో స్థానంలో రేంజర్స్ వంతు వచ్చింది. తర్వాత రెండు రౌండ్లు ఖాళీ. అప్పుడు వాళ్లు కుమార్ రాకర్ పేరు చెప్పారు. అంత ముందు ఆ పేరు వస్తుందని ఎవరూ అనుకోలేదు.

కుమార్ పేరు వినగానే మన చెవులు నిక్కబొడుచుకుంటాయి. అతని తల్లి లలిత భారతీయ మూలాలున్న కుటుంబంలో పుట్టారు. తండ్రి ట్రేసీ రాకర్ కాలేజీ ఫుట్‌బాల్‌లో పేరున్న ఆటగాడు, ఆ తర్వాత కోచ్. కుమార్ వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి ఆడుతూ 2019లో డ్యూక్ మీద 19 మందిని స్ట్రైకౌట్ చేసి నో-హిట్టర్ (ఎదుటి జట్టుకి ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్) వేశాడు. 2021 డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ మెట్స్ పదో స్థానంలో తీసుకుని 60 లక్షల డాలర్లకి మాట కలుపుకుంది. వైద్య పరీక్షల తర్వాత అనుమానపడి సంతకం చేయకుండా వదిలేసింది. ఆ కుర్రాడు ఆ సెప్టెంబరులో భుజానికి ఆపరేషన్ చేయించుకుని, తర్వాతి వేసవిలో ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్ అనే స్వతంత్ర లీగ్ జట్టుకి బంతి వేస్తూ మళ్లీ డ్రాఫ్ట్‌కి వచ్చాడు.

మూడో స్థానం స్లాట్ దాదాపు 76 లక్షల డాలర్లు. రాకర్ 52 లక్షలకి సంతకం చేశాడు. మిగిలిన 24 లక్షలు రేంజర్స్ ఏం చేసింది? మిషిగన్‌లో హైస్కూల్ చదువుతున్న బ్రాక్ పోర్టర్ అనే పిచర్ మొదటి రౌండ్ స్థాయి కుర్రాడు. ఎక్కువ బోనస్ అడుగుతున్నాడని అందరూ వదిలేస్తే నాలుగో రౌండ్ దాకా మిగిలిపోయాడు. అతన్ని తీసుకుని 37 లక్షలిచ్చారు. నాలుగో రౌండ్‌లో అంతకుముందు ఎవరికీ అంత ఇవ్వలేదు. అంటే కొనుగోళ్ల వల్ల పోయిన రెండు పిక్‌ల లోటుని రాకర్ బోనస్‌లో మిగిల్చి పూడ్చారు. కాగితం మీద ఇది చాలా తెలివైన పని, ఆ రోజు నేనూ అలాగే అనుకున్నాను. కానీ పోర్టర్‌కి బంతి మీద అదుపు దొరకలేదు. 2025 సీజన్ ముగిసేదాకా మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేదు.

2023లోనూ ఇదే జరిగింది. జేకబ్ డిగ్రామ్, నేథన్ ఇయోవాల్డీలని కొన్నందుకు మళ్లీ రెండో, మూడో రౌండ్లు పోయాయి. వరసగా రెండేళ్లు నాలుగు పిక్‌లు. వీటి విలువ వెంటనే తెలియదు. 2020లో రేంజర్స్ రెండో రౌండ్‌లో తీసుకున్న ఇవాన్ కార్టర్ని చూస్తే కొంత తెలుస్తుంది, అతని గురించి కాసేపట్లో చెప్తాను.

కొన్న హిట్టర్లు

సీగర్, సీమియన్ వచ్చిన మొదటి ఏడాది, 2022లో, జట్టు 94 మ్యాచ్‌లు ఓడింది. సీజన్ మధ్యలో మేనేజర్ని తీసేశారు, ఏళ్లుగా ఆ జట్టుని నడిపిన జాన్ డేనియల్స్ ఉద్యోగం పోయింది. అప్పుడు ఈ కొనుగోలు తప్పన్నవాళ్లు చాలామంది. నిజానికి తప్పు ఆటగాళ్లలో లేదు. ఇద్దరు గొప్ప హిట్టర్లు తొమ్మిదిమంది ఆడే వరసని మోయలేరు. క్రికెట్‌లో ఓపెనర్ నిలబడితే 20 ఓవర్లు ఆడేయచ్చు. బేస్‌బాల్‌లో ఎంత గొప్పవాడికైనా తొమ్మిదిమందికి ఒకసారే వంతు వస్తుంది. స్టార్ని కొంటే లీగ్ పట్టిక తలకిందులవుతుందని ఎదురుచూసే మన అలవాటు ఇక్కడ పనికిరాదు.

2023లో మిగతావాళ్లు వచ్చి కలిశారు. సీమియన్ 162 మ్యాచ్‌లూ ఆడి అమెరికన్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ హిట్స్ కొట్టాడు. సీగర్ గాయాలతో 119 మ్యాచ్‌లే ఆడినా .327 సగటు (వెయ్యి ప్రయత్నాలకి 327 హిట్స్ లెక్కన), 33 హోమ్ రన్లు. ఎంవీపీ, అంటే ఉత్తమ ఆటగాడి అవార్డు, ఓట్లలో సీగర్ రెండో స్థానం, సీమియన్ మూడు. వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్‌లో రెండు పరుగులు వెనకబడి తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఉన్నప్పుడు సీగర్ కొట్టిన హోమ్ రన్ ఈ ఊళ్లో ఎవరూ మర్చిపోరు. నవంబరు 1న అరిజోనాలో ఐదో మ్యాచ్ గెలిచి రేంజర్స్ తన చరిత్రలో మొదటి టైటిల్ తెచ్చుకుంది. సీగర్‌కి వరల్డ్ సిరీస్ ఎంవీపీ. అదే అవార్డు 2020లో డాడ్జర్స్ తరఫున అందుకున్నాడు, అదీ ఈ ఆర్లింగ్టన్ మైదానంలోనే. కోవిడ్ కారణంగా ఆ ఏడాది వరల్డ్ సిరీస్ మొత్తం ఇక్కడే ఆడారు.

తర్వాతి ఏళ్లు కూడా చెప్పాలి, లేకపోతే పోలిక న్యాయంగా ఉండదు. 2025లో సీమియన్ సగటు .230కి పడిపోయింది. ఆ నవంబరులో అతన్ని మెట్స్‌కి ఇచ్చి బ్రాండన్ నిమ్మోని తెచ్చుకున్నారు. ఏడేళ్ల కాంట్రాక్టులో నాలుగేళ్లే ఇక్కడ గడిచాయి. హిట్టర్ని ముప్పై ఏళ్ల వయసు దగ్గర కొంటే మంచి ఆట ముందు మూడేళ్లలోనే ఉంటుంది, వెనకున్న ఏళ్లు మనం కట్టే వడ్డీ. ఆ ముందు మూడేళ్లలో జట్టులో మిగతావాళ్లు సిద్ధంగా ఉన్నారా లేదా అన్నదే అసలు ప్రశ్న. రేంజర్స్ ఒక ఏడాది ముందుగా కొనేసింది, 2022 వృథా అయింది. అయినా ఒక టైటిల్ వచ్చింది కాబట్టి ఈ బేరంలో నాకు ఫిర్యాదు లేదు.

కొన్న పిచర్లు

ఇక్కడ నాకు గట్టి అభిప్రాయం ఉంది, కారణం 2022 డిసెంబరు. ఒకే నెలలో రేంజర్స్ ఇద్దరు కుడిచేతి పిచర్లని కొంది.

డిగ్రామ్‌కి అప్పుడు 34 ఏళ్లు. ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డులు రెండున్నవాడు, ఆరోగ్యంగా ఉన్న రోజున అతన్ని మించినవాడు లేడు. ఐదేళ్లకి 18.5 కోట్ల డాలర్లు. ఇయోవాల్డీకి 32. హ్యూస్టన్ దగ్గర ఆల్విన్ అనే ఊళ్లో పెరిగిన టెక్సాస్ మనిషి. రెండేళ్లకి 3.4 కోట్లు. ఇద్దరికీ మోచేతి చరిత్ర ఉంది. టామీ జాన్ ఆపరేషన్ అంటే మోచేతిలో తెగిన లిగమెంట్ స్థానంలో కొత్తది కట్టడం, కోలుకోవడానికి ఏడాది పైనే పడుతుంది. ఇయోవాల్డీకి రెండు ఆపరేషన్లూ ఇక్కడికి రాకముందే అయిపోయాయి. డిగ్రామ్‌కి అప్పటికి ఒకటే అయింది.

రెండోది 2023 జూన్‌లో అయింది. అప్పటికి అతను రేంజర్స్‌కి ఆరు మ్యాచ్‌లే మొదలుపెట్టాడు. ఆ ఆరూ జట్టు గెలిచింది, అందుకే ఆ వార్త మరీ బాధ పెట్టింది. 2024లో మూడు మ్యాచ్‌లు. రెండేళ్లలో మొత్తం తొమ్మిది. ఇయోవాల్డీ మాత్రం 2023 పోస్ట్‌సీజన్‌లో, అంటే మామూలు సీజన్ తర్వాత జరిగే నాకౌట్ సిరీస్‌లలో, ఐదు మ్యాచ్‌లు గెలిచి ఒక్కటీ ఓడలేదు. టైటిల్ తెచ్చిన చివరి మ్యాచ్‌లో ఆరు ఇన్నింగ్స్ పాటు ఒక్క పరుగు ఇవ్వలేదు. 2024 డిసెంబరులో అతనికి మళ్లీ మూడేళ్లకి 7.5 కోట్లిచ్చారు. 2025లో 130 ఇన్నింగ్స్ వేసి 1.73 ఈఆర్‌ఏతో (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన పరుగులు, తక్కువైతే మంచిది) నిలిచాడు.

డిగ్రామ్ కథ అక్కడితో ఆగలేదు. 2025లో 30 మ్యాచ్‌లు మొదలుపెట్టి, 2.97 ఈఆర్‌ఏతో, అమెరికన్ లీగ్ కమ్‌బ్యాక్ ప్లేయర్ అవార్డు తీసుకున్నాడు. చూస్తుంటే సంతోషమేసింది. అయినా ఎంపిక దగ్గరికొస్తే నా మాట మారదు. పిచర్ మోచెయ్యి ఎప్పుడు తెగుతుందో డాక్టర్లు కూడా చెప్పలేరు. చెప్పలేని దానికి ఐదేళ్ల డబ్బు రాసివ్వడం కంటే, రెండేళ్లు రాసిచ్చి, బాగుంటే మళ్లీ రాసివ్వడం మేలు. రెండోసారి ధర పెరుగుతుంది, నిజమే. ఇయోవాల్డీ కాంట్రాక్టు మొత్తం రెట్టింపుకి మించింది. ఆ పెరిగిన ధర ఇచ్చేది ఆరోగ్యంగా ఉన్న చేతికి.

ఒక ఏడాది ఒప్పందాలు, చిన్న ఆటగాళ్ల ఒప్పందాల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మామూలుగా పిక్ పోదు, నష్టం చిన్నది. ఏ జట్టైనా ఏటా ఒకటో రెండో చేయాలి.

డ్రాఫ్ట్‌లో వచ్చినవాళ్లు

ముందు హిట్టర్లు. 2019లో ఎనిమిదో స్థానంలో టెక్సాస్ టెక్ కాలేజీ నుంచి జాష్ జంగ్. 2022 సెప్టెంబరులో మేజర్ లీగ్‌లో మొదటిసారి బ్యాట్ పట్టినప్పుడే హోమ్ రన్ కొట్టాడు, తర్వాతి ఏడాది ఆల్‌స్టార్ మ్యాచ్‌లో థర్డ్ బేస్ దగ్గర నిలబడ్డాడు. 2023లో నాలుగో స్థానంలో ఫ్లోరిడా యూనివర్సిటీ నుంచి వయట్ లాంగ్‌ఫోర్డ్, 80 లక్షల బోనస్. ఏడాది తిరగకుండానే, 2024 సీజన్ మొదటి రోజున, రేంజర్స్ జట్టులో ఉన్నాడు. ఆ జూన్‌లో ఒకే మ్యాచ్‌లో సింగిల్, డబుల్, ట్రిపుల్, హోమ్ రన్ నాలుగూ కొట్టాడు.

ఇవాన్ కార్టర్ కథ వేరు. టెనెసీలో ఎలిజబెత్‌టన్ అనే చిన్న ఊరి హైస్కూల్ కుర్రాడు. 2020లో కోవిడ్ వల్ల ఐదు రౌండ్లకే కుదించిన డ్రాఫ్ట్‌లో రేంజర్స్ 50వ స్థానంలో అతని పేరు చెబితే, టీవీలో విశ్లేషించేవాళ్ల జాబితాల్లో ఆ పేరే లేదు. 12.5 లక్షల డాలర్లిచ్చారు. మూడేళ్ల తర్వాత, 2023 సెప్టెంబరు 8న, 21 ఏళ్ల వయసులో మేజర్ లీగ్‌కి వచ్చి, అక్టోబరులో తొమ్మిది డబుల్స్ కొట్టాడు. ఒక పోస్ట్‌సీజన్‌లో అన్ని డబుల్స్ ఎవరూ కొట్టలేదు. కొనుగోళ్ల కోసం వదులుకున్న రెండో రౌండ్ పిక్‌లో ఇలాంటి కుర్రాడు దాగి ఉండచ్చు. లేకపోనూ వచ్చు, రెండో రౌండ్‌లో తీసుకున్న చాలామంది పేర్లు మనం ఎప్పటికీ వినం. కార్టర్ కూడా నడుము గాయంతో 2024లో 45 మ్యాచ్‌లే ఆడగలిగాడు.

పిచర్ల దగ్గర ఓపిక పరీక్ష పెడుతుంది. 2021లో రెండో స్థానంలో జాక్ లైటర్, మాజీ పిచర్ ఆల్ లైటర్ కొడుకు, వాండర్‌బిల్ట్‌లో రాకర్‌కి జోడీ. ఆ ఏడాది డ్రాఫ్ట్ మొత్తంలో పెద్ద బోనస్ అతనిదే, 79 లక్షలకి పైన. 2022లో నేరుగా మన ఫ్రిస్కోలో మొదలుపెట్టి చాలా ఇబ్బంది పడ్డాడు. 2024లో మేజర్ లీగ్‌కి వచ్చినా దెబ్బలు తింటూనే ఉన్నాడు. 2025లో గానీ కుదురుకోలేదు, 29 మ్యాచ్‌లు మొదలుపెట్టి 3.86 ఈఆర్‌ఏ. అంటే నాలుగేళ్లు. రాకర్‌కి 2023 మేలో టామీ జాన్ ఆపరేషన్. 2024 సెప్టెంబరులో సియాటిల్‌లో మొదటి మ్యాచ్ ఆడి, నాలుగు ఇన్నింగ్స్‌లో ఏడుగురిని స్ట్రైకౌట్ చేసిన రాత్రి చాలా ఇళ్లలో అర్ధరాత్రి దాకా టీవీ ఆగలేదు. 2025లో మళ్లీ తడబడి మైనర్స్‌కి వెళ్లాల్సి వచ్చింది.

ఈ జట్టు అనుభవం వరకు చూస్తే, మొదటి పది స్థానాల్లో వంతు వచ్చినప్పుడు కాలేజీ హిట్టర్ ఉంటే అతన్నే తీసుకోవాలి. హైస్కూల్ కుర్రాళ్లని, పిచర్లని తర్వాతి రౌండ్లలో చూసుకోవచ్చు. హైస్కూల్ కుర్రాడు 18 ఏళ్లవాడు, శరీరం ఇంకా పెరుగుతూ ఉంటుంది, మైనర్స్‌లో నాలుగైదేళ్లు పట్టచ్చు. కాలేజీ కుర్రాడు 21 ఏళ్లవాడు, మంచి పిచర్లని అప్పటికే ఎదుర్కొన్నవాడు. లాంగ్‌ఫోర్డ్‌కి పట్టింది ఒక ఏడాది లోపే.

మరి మీ జట్టుకి ఏది?

2023 ఆల్‌స్టార్ మ్యాచ్‌లో అమెరికన్ లీగ్ తరఫున మొదటి వరసలో ఐదుగురు రేంజర్స్ ఆటగాళ్లున్నారు. సీగర్, సీమియన్ కొన్నవాళ్లు. జంగ్ డ్రాఫ్ట్. క్యాచర్ జోనా హైమ్ ట్రేడ్‌లో వచ్చాడు. అడోలిస్ గార్సియాని 2019 డిసెంబరులో సెయింట్ లూయిస్ కార్డినల్స్ దగ్గర కాస్త నగదిచ్చి తెచ్చుకున్నారు. 2021 ఫిబ్రవరిలో అతన్ని ఎవరైనా తీసుకోవచ్చని రేంజర్స్ వదిలేస్తే ఏ జట్టూ ముందుకు రాలేదు. అదే గార్సియా 2023లో హ్యూస్టన్ మీద సిరీస్ ఎంవీపీ అయ్యాడు. ఐదుగురిలో ఒక్కడే డ్రాఫ్ట్ కుర్రాడని చూసి డ్రాఫ్ట్ అక్కర్లేదనుకోకండి. ఆ ఒక్కడికి కనీస జీతం దగ్గర్లో ఇస్తున్నారు కాబట్టే సీగర్‌కి ఏడాదికి సగటున 3.25 కోట్లివ్వగలిగారు. అంత చేసినా ఆ ఏడాదీ తర్వాతి ఏడాదీ లగ్జరీ ట్యాక్స్ (జీతాల పరిమితి దాటితే లీగ్‌కి కట్టే పన్ను) కట్టాల్సి వచ్చింది.

మీరు అభిమానించే జట్టు ఏదైనా, చలికాలంలో పెద్ద కొనుగోలు వార్త రాగానే ధర కంటే ముందు చూడాల్సింది ఆ జట్టు డబుల్-ఏ, ట్రిపుల్-ఏ పట్టికలు. అక్కడ ఇద్దరు ముగ్గురు హిట్టర్లు ఏడాది లోపు వచ్చేలా ఉంటే ఆ కొనుగోలు సరైన సమయంలో జరిగింది. అక్కడ ఎవరూ లేకుండా 90, 100 మ్యాచ్‌లు ఓడిన జట్టు పదేళ్ల కాంట్రాక్టు ఇస్తుంటే, ఆ స్టార్ మంచి ఏళ్లు ఓటముల్లో కరిగిపోతాయి. ఆ జట్టు డ్రాఫ్ట్ మీదే ఉండి, రెండో మూడో రౌండ్ పిక్‌లు దాచుకోవాలి. ఇప్పటికే 85 మ్యాచ్‌లు గెలుస్తూ ఒక్క స్థానంలో లోటున్న జట్టుకైతే పిక్ పోయినా ఫర్వాలేదు, ఆ పిక్ ఫలితమిచ్చేసరికి ఈ జట్టులో ఉన్నవాళ్లే వయసు మీరిపోతారు.

కప్పు గెలిచాక ఏం చేయాలన్నది అన్నిటికంటే కష్టం. 2024లో రేంజర్స్ 78 గెలిచి 84 ఓడింది. 2025లో మేజర్ లీగ్ మొత్తంలో తక్కువ ఈఆర్‌ఏ ఈ పిచర్లదే, అయినా హిట్టర్లు పరుగులు చేయలేక 81 గెలిచి 81 ఓడారు. కొన్న హిట్టర్ల వయసు పెరిగింది, వదులుకున్న నాలుగు పిక్‌ల నుంచి రావాల్సిన కుర్రాళ్లు లేరు. అప్పు చేసి పండగ చేసుకున్నట్టని కొందరంటారు. 1972లో టెక్సాస్‌కి వచ్చిన ఈ జట్టు 51 ఏళ్లు ఆ పండగ కోసం ఎదురుచూసింది. 2011లో ఒక్క స్ట్రైక్ దూరంలో, అదీ రెండుసార్లు, కప్పు జారిపోవడం చూసిన పాత అభిమానులని అడిగితే ఈ బేరానికి మళ్లీ ఒప్పుకుంటారని నా నమ్మకం. నేనైతే ఒప్పుకుంటాను.

పిల్లలకి జెర్సీ కొనేవాళ్లకి కూడా ఈ లెక్క పనికొస్తుంది. సీమియన్ 2వ నంబరు జెర్సీలు ఇంట్లో ఉండగానే అతను న్యూయార్క్ వెళ్లిపోయాడు. సీగర్ 5వ నంబరుకి 2031 దాకా కాంట్రాక్టుంది. లాంగ్‌ఫోర్డ్ 2029 సీజన్ అయ్యేదాకా జట్టు చేతిలోనే ఉంటాడు, మా ఇంట్లో అతనిదే కొన్నాం. కుమార్ అని పేరున్న జెర్సీయే కావాలని పిల్లలు పట్టుబడితే కొనివ్వండి, ఒక సైజు పెద్దది తీసుకోండి. పిచర్లకి టైమ్ పడుతుంది.